కాఫ్కాలో చేయి వేయడానికి వీసా అక్కర్లేదు!

మొయినాబాద్: చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకొనేవారు 11, తీరినవారు 108 ప్రదక్షిణలు చేయడం ఆనవాయితీ. వీసా కోసం తిరిగే ఇంజనీరింగు విద్యార్థులు వారిలో ఎందరో! కాని దేశదేశాల కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసే పనిలో పాలుపంచుకోవడానికి వీసాతో పనిలేదు. కంప్యూటరు, ఇంటర్నెట్, ఓపిక ఉంటే చాలు.

అజీజ్‌నగర్, చిలుకూరు పరిసరాల్లో ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. చేవెళ్ల వైపు పల్లెల రైతుబిడ్డలకు ఈ చదువు ఇప్పుడు బస్సు దూరమే. చిక్కల్లా పట్టా చేతికొచ్చాకే. 'అనుభవం ఉందా?' అని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం రాదు. ఓపెన్ సోర్స్ పని ఈ ముడిని కొంత సడలిస్తుంది.

పాలకేంద్రం రిజిస్టరే!

'అపాచీ కాఫ్కా'నే తీసుకుందాం. లింక్డిన్ కంపెనీలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను 2011లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దీన్ని రూపొందించిన ముగ్గురిలో నేహా నార్ఖేడే మన పక్క రాష్ట్రంలోని పుణే అమ్మాయి. ఇది చేసే పని ఊరి పాలకేంద్రం రిజిస్టరు లాంటిది. పోసిన పాలు పోసినట్టే వరుసగా రాస్తారు. రాసింది కొట్టివేయరు. డబ్బు లెక్కగట్టే గుమాస్తా, వెన్నశాతం చూసేవారు ఎవరు ఎక్కడిదాకా చదివారో గుర్తు పెట్టుకొని అక్కడినుంచి ముందుకు చదువుతారు. ఒకరికోసం మరొకరు ఆగనక్కర్లేదు. సెకనుకు లక్షల వివరాలు వచ్చిపడినా ఇదే పద్ధతి.

మొదటి అడుగు

ముందు కోడును దించుకొని, సొంత కంప్యూటరులో నడిపి, పరీక్షలన్నీ సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. కోడు ఎక్కువగా జావాలో ఉంటుంది. అది మన విద్యార్థులు తరగతిలో చదివే భాషే. లోపాల పట్టికలో 'న్యూబీ' అని గుర్తు పెట్టిన చిన్న పనులు కొత్తవారికోసమే. ఒకటి ఎంచుకొని 'ఇది నేను చేస్తాను' అని అక్కడే రాయాలి. లేకుంటే ఒకే పని ఇద్దరు చేసే ప్రమాదముంది. దిద్దుబాటు పంపాక అనుభవజ్ఞులు తప్పులు చూపుతారు. అది అవమానం కాదు, ఉచిత పాఠం. జవాబుకు వారాలు పట్టవచ్చు. ఇంగ్లీషు రాదని జంకనక్కర్లేదు. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాలి అని మూడు వాక్యాలు రాస్తే సరిపోతుంది. పత్రాల్లో తప్పులు సరిదిద్దడమూ సేవే. పెద్ద మార్పులకు మాత్రం ముందుగా ప్రతిపాదన రాసి చర్చకు పెట్టాలి.

టీషర్టు కోసం కాదు

2020 అక్టోబరులో 'హాక్టోబర్‌ఫెస్ట్' పేరిట టీషర్టు బహుమతి ఇస్తామంటే చాలామంది పనికిరాని దిద్దుబాట్లు కుప్పలుగా పంపారు. వాటిని ఏరివేయలేక నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. చివరకు నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. లెక్క పెంచుకోవడానికి పంపే పది కన్నా, పనికొచ్చే ఒకటి మేలు.

నమ్మకంగా పనిచేసిన వారిని, పట్టాతో నిమిత్తం లేకుండా, కోడును చేర్చే అధికారం గల 'కమిటర్లు'గా అపాచీ సంస్థ ఆహ్వానిస్తుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టును బజారులో కొనుక్కొనే బదులు, ఇలాంటి నిజమైన దిద్దుబాటు ఒక్కటి చేయించాలి. సీనియర్లు వారానికో సాయంత్రం జూనియర్ల పక్కన కూర్చోవాలి. హైదరాబాదులో విద్యార్థులతో పనిచేస్తున్న 'స్వేచ్ఛ' వంటి సంస్థల సాయం తీసుకోవచ్చు. కళాశాలల యాజమాన్యాలు ఈ దిశగా శ్రద్ధ చూపితే, ఇక్కడి పల్లె పిల్లల పేర్లు ఆ కోడు చరిత్రలో చెరగకుండా నిలుస్తాయి.