వేసవి ఫొటోలో కనిపించేదెంత, కనిపించనిదెంత?

2015 మే నెలాఖరులో దిల్లీలో తీసిన ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎండ తీవ్రతకు తారు మెత్తబడి, పాదచారులు రోడ్డు దాటేందుకు గీసిన తెల్లని చారలు అలల్లా వంకర్లు తిరిగిన దృశ్యమది. ఆ ఏటి వడగాడ్పులకు విదేశీ పత్రికలలో అదే గుర్తుగా నిలిచింది. కాని, ఆ వేసవిలో దేశవ్యాప్తంగా ఎండకు బలైన రెండు వేల మందికి పైగా ప్రజలలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. వారిలో వృద్ధులు, వ్యవసాయ కూలీలు, భవన నిర్మాణ కార్మికులు అనేకులు.

దిల్లీ ఫొటో అబద్ధం కాదు. అయితే అది తారు సంగతి చెప్పిందే తప్ప, ఎండ ఎక్కడ ఎవరిని దెబ్బతీసిందో చెప్పలేదు. ఏటా మార్చి నుంచి జూన్ వరకు మేఘాలు, ఎండిన చెరువులు, కొండ ప్రాంతాల విహారాలు, మిట్టమధ్యాహ్నపు నిర్మానుష్య వీధులు లక్షలాది ఫొటోలుగా ఫోన్ నుంచి ఫోన్‌కు చేరుతుంటాయి. వాటిని చూసి వాతావరణాన్ని అంచనా వేసేవారూ, బయటకు వెళ్లాలో వద్దో నిర్ణయించుకునేవారూ ఉన్నారు. కనుక వేసవి ఫొటో ఏ విషయానికి సాక్ష్యమవుతుందో, ఏ విషయానికి కాదో తెలుసుకోవడం అవసరం.

కెమెరాకు వేడి కనిపించదు

కెమెరా నమోదు చేసేది వెలుతురును మాత్రమే. గాలి వేడిమి, అందులోని తేమ ఫొటోలో పడవు. వాటి ఆనవాళ్లు మాత్రమే పడతాయి.

రహదారిపై నీటి మడుగులా మెరిసే ఎండమావి అటువంటి ఆనవాలు. కాగిన రోడ్డును ఆనుకుని ఉన్న పలుచని గాలి పొర, దాని పైనున్న గాలికంటే చాలా వేడిగా ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చే కాంతి ఆ పొరలో వంగి మన కంటికి చేరుతుంది. మనం నీరనుకునేది నిజానికి ఆకాశపు ప్రతిబింబం. అంటే ఎండమావి ఫొటో రోడ్డుకూ, దాని పైనున్న గాలికీ మధ్య వేడిలో తేడా ఉందని చెబుతుంది. ఆ రోజు ఉష్ణోగ్రత ఎంతో చెప్పదు.

సముద్రతీరాన పరిస్థితి మరింత భిన్నం. విశాఖపట్నం తీరంలో సాయంత్రం తీసిన ఫొటోలో అలలు, జనం, ఐస్‌క్రీమ్ బండ్లు కనిపిస్తాయి. ఉక్కపోత కనిపించదు. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, కాబట్టి తక్కువ ఉష్ణోగ్రత సైతం ప్రమాదకరమవుతుంది. వడగాడ్పుల ప్రకటనకు భారత వాతావరణ విభాగం మైదానాలలో కనీసం 40 డిగ్రీల గరిష్ఠ ఉష్ణోగ్రతను ప్రాతిపదికగా తీసుకుంటుంది. తీర ప్రాంతాలలో అది 37, కొండ ప్రాంతాలలో 30. దానితో పాటు సాధారణంకంటే ఎంత పెరిగిందో కూడా లెక్కిస్తుంది. రాజస్థాన్ ఎడారి ఫొటో పక్కన కాకినాడ తీరం ఫొటో చల్లగా కనిపించినంత మాత్రాన, అక్కడి శ్రామికునికి ప్రమాదం తక్కువని కాదు.

కారు తెర మీద 50 డిగ్రీలు

వేసవిలో విరివిగా పంచుకునే ఫొటోలలో కారు తెరపై ఉష్ణోగ్రత చూపే అంకెలు ముఖ్యమైనవి. కారులోని సాధనం సాధారణంగా ముందు భాగంలో, రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. ఎండలో నిలిపిన కారులోనూ, వాహనాల రద్దీలో ఆగిన కారులోనూ కాగిన తారు వేడి, ఇంజను వేడి దానికి సోకుతాయి. అది చూపే అంకె కారు నిలిచిన చోటుకు సంబంధించినదే గాని, ఊరి ఉష్ణోగ్రత కాదు.

వాతావరణ కేంద్రాలలో కొలత పద్ధతి వేరు. నేల నుంచి సుమారు ఒకటింపావు నుంచి రెండు మీటర్ల ఎత్తున, తెల్ల రంగు వేసిన, గాలి ఆడే సందులున్న పెట్టెలో థర్మామీటర్‌ను ఉంచుతారు. దానిపై నేరుగా ఎండ పడదు. అంటే అధికారికంగా ప్రకటించే అంకె నీడలోని గాలి ఉష్ణోగ్రత. ఎండలో నిలబడి పనిచేసే మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువే.

అధికారిక సాధనాలు కూడా ఒక్కోసారి పొరపడతాయి. 2024 మే 29న దిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలక కేంద్రంలో 52.9 డిగ్రీలు నమోదైంది. ఆ అంకె ఉన్న తెర ఫొటోలు నిమిషాలలో దేశమంతా వ్యాపించాయి. వాతావరణ విభాగం పరిశీలించి, అక్కడి సాధనం ప్రామాణిక పరికరంకంటే సుమారు 3 డిగ్రీలు అధికంగా చూపుతోందని తర్వాత వెల్లడించింది. దేశంలో అత్యధిక ఉష్ణోగ్రతగా రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న నమోదైన 51 డిగ్రీలే నిలిచాయి. సవరణ వార్త మాత్రం తొలి ఫొటో వెళ్లినంత దూరం వెళ్లలేదు.

ఉపగ్రహ చిత్రంలోని ఎరుపు

2022 ఏప్రిల్ చివరలో వాయవ్య భారతంపై వడగాడ్పులు వీచినప్పుడు, ఐరోపా అంతరిక్ష సంస్థ విడుదల చేసిన ఒక ఉపగ్రహ చిత్రంలో కొన్ని ప్రాంతాలు 60 డిగ్రీలు దాటినట్లు కనిపించింది. భారతదేశంలో 60 డిగ్రీల ఎండ కాస్తోందంటూ ఆ చిత్రాన్ని పలువురు పంచుకున్నారు. ఉపగ్రహం కొలిచింది నేల ఉపరితలపు వేడిని. మధ్యాహ్నం చెప్పులు లేకుండా మట్టిపై అడుగు పెడితే కాలేది ఆ వేడికే. పంట కోసిన ఎండు పొలం గాలికంటే పదులకొద్దీ డిగ్రీలు ఎక్కువ కాగవచ్చు. ఆ చిత్రం కొలత సరైనదే. దానికి ఇచ్చిన వ్యాఖ్య సరైనది కాదు.

జత ఫొటోల విలువ

ఒకే చోట, వేర్వేరు కాలాలలో తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన ఉంచితే మార్పు కళ్లకు కడుతుంది. 2019 వేసవిలో చెన్నై దాహాన్ని ప్రపంచానికి చూపినవి అటువంటి చిత్రాలే. పుళల్ జలాశయం అంతకు ముందు ఏడాది నీలంగా, 2019 జూన్ నాటికి మట్టి రంగులో కనిపించిన ఉపగ్రహ చిత్రాలను ఎందరో పంచుకున్నారు. నగరానికి నీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అప్పటికి దాదాపు ఎండిపోయాయి. వీటిలో పూండికి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణా జలాలు చేరతాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి రైలులో నీరు తరలించవలసి వచ్చింది.

2020 ఏప్రిల్ తొలి వారంలో పంజాబ్‌లోని జలంధర్ వాసులు తమ డాబాల మీద నుంచి తీసిన ఫొటోలలో వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ధౌలాధార్ మంచుకొండలు స్పష్టంగా కనిపించాయి. లాక్‌డౌన్ వల్ల వాహనాలు, కర్మాగారాలు ఆగి గాలిలో కాలుష్యం తగ్గింది. ఏళ్ల తరబడి పొగమంచు మాటున ఉన్న కొండలు బయటపడ్డాయి. ఎవరి ఇంటి మీద నుంచి, ఏ రోజున అనే వివరాలు తెలిసినందువల్లనే ఆ ఫొటోలు గాలి నాణ్యత గురించిన చర్చకు ఆధారమయ్యాయి.

2021లో మే నెలలో బెంగళూరులోనూ, జూన్ మొదట్లో హైదరాబాద్‌లోనూ సూర్యుని చుట్టూ పెద్ద వలయం కనిపించింది. ఎత్తైన పలుచని మేఘాలలోని మంచు స్ఫటికాల గుండా సూర్యకాంతి వంగినప్పుడు, సూర్యునికి 22 డిగ్రీల కోణీయ దూరంలో ఈ వలయం ఏర్పడుతుంది. ఇది తరచుగా జరిగేదే. అపశకునం కాదు. వేర్వేరు ఊళ్ల ప్రజలు సమయంతో సహా ఫొటోలు పంచుకుంటే, ఆ మేఘపు పొర ఎంత దూరం వ్యాపించిందో కూడా తెలుస్తుంది.

పాత ఫొటో, కొత్త వేసవి

వడగాడ్పులు, తుపానులు వచ్చిన ప్రతిసారీ పాత ఫొటోలు కొత్త పేర్లతో తిరిగి వస్తాయి. ఏ దేశంలోనో రేగిన ఇసుక తుపాను మన ఊరిదవుతుంది. ఎప్పటిదో వడగండ్ల వాన ఈ రోజుదవుతుంది. ఇందుకు సాంకేతిక కారణం కూడా ఉంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో తేదీ, సమయం, అనుమతించి ఉంటే ప్రదేశం కూడా నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడు సాధారణంగా ఆ వివరాలు తొలగిపోతాయి. అందుకున్నవారికి బొమ్మ మిగులుతుంది, ఆధారం మిగలదు.

డాక్యుమెంట్ రూపంలో పంపితే వివరాలు నిలుస్తాయి. కాని ఇంటి వద్ద తీసిన ఫొటో అయితే ఇంటి చిరునామా కూడా దానితో పాటు వెళ్లగలదు. అందువల్ల ఊరు, వాడ పేరు, తేదీ, సమయం, కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో ఒక వాక్యంలో రాసి పంపడం మేలైన మార్గం. అనుమానం కలిగించే ఫొటోను గూగుల్ లెన్స్ వంటి సాధనంతో వెతికితే, అది అంతకు ముందు ఎక్కడ ప్రచురితమైందో చాలా సందర్భాలలో తెలిసిపోతుంది. దుకాణాల బోర్డుల భాష, వాహనాల నంబర్లు, నీడల పొడవు కూడా ఆనవాళ్లే. మిట్టమధ్యాహ్నం తీసిందని చెప్పే మే నెల ఫొటోలో తెలుగు రాష్ట్రాలలోని మనిషికి పొడవైన నీడ ఉండదు.

ఫొటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

వేసవి చివరలో మధ్యాహ్నం దాటాక కమ్ముకునే క్యుములోనింబస్ మేఘాలు చూడడానికి ఆకర్షణీయంగా ఉంటాయి. పిడుగులు పడేది కూడా ఆ మేఘాల నుంచే. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్లే లెక్క. డాబా మీద, పొలం గట్టున, చెట్టు కింద నిలబడి ఫొటో తీయరాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల వరకు పక్కా భవనంలోనే ఉండాలని నిపుణులు సూచిస్తారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ సమీపంలో పిడుగులు పడే సూచనలను తెలుపుతుంది.

ఎండలో పనిచేస్తున్నవారిని ఫొటో తీసేటప్పుడు వారి అనుమతి అడగడం మర్యాద. వడదెబ్బతో పడిపోయిన వ్యక్తి కనిపిస్తే ఫోన్ ఉపయోగపడవలసింది 108కు. అంబులెన్స్ వచ్చేలోగా బాధితుణ్ని నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి, గాలి ఆడేలా చూడాలి. స్పృహ లేనివారికి నోటి ద్వారా నీరు పట్టరాదు.

2015 నాటి రెండు తెలుగు రాష్ట్రాల వేసవి, దిల్లీ తారు రోడ్డులా ఒక ఫొటోతో ప్రపంచానికి గుర్తుండిపోలేదు. ఈ వేసవిలో తీసే ఫొటోలకు ఊరి పేరు, తేదీ, సమయం జతచేస్తే, రేపు ఈ వేసవి సంగతి వెతికేవారికి అవి పనికివస్తాయి.