ప్రయాణపు సంచి కొనునప్పుడు

ప్రదర్శనకు పోవలసి వచ్చినప్పుడు సరుకు మూటలను గూర్చి మనము నెల దినములు ముందుగానే ఆలోచింతుము. పగలంతయు వీపున మోయవలసిన చిన్న సంచిని మాత్రము బండి ఎక్కు దినమున, స్టేషను ఎదుటి అంగడిలో, చేతికి వచ్చినది కొందుము. సంచి చిన్నదే. అందులో నుండునవి ఏవన: ఆర్డరు పుస్తకము, నమూనా ముక్కలు, పెహచాన్ కార్డు, ఆ దినపు వసూలు.

షోలాపూరు నుండి కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోయిన మా సభ్యులొకరికి రెండేండ్ల క్రిందట జరిగినది చెప్పుదుము. వారి సంచిపై "వాటర్‌ప్రూఫ్" అని అచ్చువేసి యున్నది. ఒక్క వాన చాలినది. నీరు గుడ్డలోనుండి రాలేదు, సూది వేసిన రంధ్రములలోనుండి దిగినది. వాల్‌హేంగింగు నమూనాలలో ఎరుపు తెలుపులోనికి కారినది. కొనవచ్చిన వర్తకుడు ఆ ముక్కలను వేలితో ప్రక్కకు నెట్టినాడట. ఆర్డరు వేరొకరికి పోయినది.

అందుచే ఈ మారు బయలుదేరుటకు పది దినములు ముందే మేము ముగ్గురము నవీ పేఠలోని అంగళ్లకు పోతిమి. అంగడివాడు జేబులు ఎన్నియో చూపును, రంగులు చూపును. మనము చూడవలసినది గుడ్డ. ఆ విద్య మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

చీటీపై 210 డి, 600 డి అని యుండును. అది డెనియరు. 9000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అదే దాని డెనియరు. మన నూలు నంబరునకు ఇది తలక్రిందు లెక్క. మనకు 20 నంబరుకంటె 80 నంబరు సన్నము. ఇందులో సంఖ్య పెరిగిన కొలది దారము లావు. మన లెక్కలోనికి తెచ్చుకొన దలచినవారు 5315ను డెనియరుతో భాగింపవలెను. ఆ ప్రకారము 600 డెనియరు తూకమున సుమారు 9 నంబరు నూలుకు సమానము. 210 డెనియరు సుమారు 25 నంబరుకు. సంచిని మాటిమాటికి నేలపై దింపి ఎత్తుచుండు మనవంటివారికి 600 డి పాలిస్టరు మేలు. పలుచని 210 డి నైలాను మడిచి పెట్టెలో పెట్టుకొనుటకు బాగుండును గాని ఇనుపమూల తగిలిన తాళుట కష్టము.

అయితే డెనియరు దారపు లావును మాత్రమే చెప్పును. నేత బిగువు చెప్పదు. కుట్టునకు ఇరువైపుల బొటనవ్రేళ్లుంచి గట్టిగా లాగి చూడుడు. పోగులు జరిగి సందు కనబడినచో నేత వదులు. ఆ సంచి దించివేయుడు.

పిమ్మట సంచిని తిరగవేయవలెను. అంగడివాడు మొగము ముడుచుకొన్నను సరే. లోపలి అంచులకు పట్టీ వేసి కుట్టిరా, కోసిన అంచు అట్లే వదలిరా? పాలిస్టరు పోగు నునుపు గనుక కోసిన అంచునుండి ఒక్కొక్కటే జారి కుట్టు దాక వచ్చును. భుజపు పట్టీ సంచితో కలియు చోట ఒంటి కుట్టు చాలదు. చదరముగా కుట్టి, ఆ చదరములో ఇంటూ గుర్తు వేసినది కావలెను. లోపలి పూతను నలిపినప్పుడు పొట్టు రాలినచో వానకు అది పనికిరాదు. జిప్పు సంగతి మరియొకటి: ఖాళీ సంచిలో ప్రతి జిప్పును సాఫుగా నడచును. మేము ఇంటినుండి ఒక దుప్పటి తీసికొనిపోయి, సంచిలో కూరి, మూసి చూచితిమి. మూడు సంచులు అక్కడనే తప్పిపోయినవి.

కొలత విషయము కొద్దిగా చెప్పుదుము. 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, పన్నెండున్నర లోతు గల సంచి 15 లీటర్లు. దినమునకు ఇది చాలును. ఆర్డరు కాగితము పొడవు 29.7 సెంటీమీటర్లు గనుక సంచి లోపలి ఎత్తు అంతకు తక్కువైన కాగితములు నలుగును. పెద్దది కొన్నవాడు పెద్దదిగానే నింపును. సాయంకాలమునకు వీపు నొచ్చును.

చివరకు 800 రూపాయలు చెప్పిన సంచి 550కి వచ్చినది. రెండు కొంటిమి. వాటర్‌ప్రూఫ్ అను మాటను నమ్మక నమూనాలను మూతి బిగించిన ప్లాస్టిక్ కవరులో వేసి లోపల పెట్టవలెనని నిర్ణయించితిమి.

"నేతవాని వీపున పాలిస్టరు సంచియా?" అని మా ఇంటిలో ఆడవారు నవ్విరి. న్యాయమైన ప్రశ్నయే. కాని మన భుజపుసంచికి మూతి తెరచి యుండును. మెట్రో రద్దీలో ఎవరి చేయియైనను దూరును. తడిసిన లావు నూలు త్వరగా ఆరదు. భవాని జంబుఖానావంటి గట్టి గుడ్డకు లోపల అస్తరు వేసి, పైన జిప్పు పెట్టినచో ఈ రెండు లోపములలో మొదటిది తీరును. బరువు మాత్రము తప్పదు.

అట్టిదొకటి మన మగ్గపు గుడ్డతోనే దర్జీచేత కుట్టించితిమి. ఖాళీగా తూచిన 820 గ్రాములు. కొన్న సంచి 460. ఢిల్లీలో దానిని మోయుటకు మా కోశాధికారిగారు ఒప్పుకొన్నారు. కత్తిరింపు కొలతలు సంఘము ఆఫీసులో నున్నవి. కావలసినవారు వచ్చి చూచుకొనవచ్చును. వానలో ఆ సంచి ఎట్లు నిలిచినదో వారు తిరిగి వచ్చిన పిమ్మట వ్రాయుదుము.