సందేశవేదికల్లో దత్తాంశ విశ్లేషణ చాట్‌బాట్: పనితీరు, పరిమితులు

వ్యాససంగ్రహం:
స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి సందేశవేదికల్లో దత్తాంశాన్ని విశ్లేషించే చాట్‌బాట్ల వినియోగం పెరుగుతోంది. అవి ఎలా పనిచేస్తాయో, వాటి సమాధానాలను ఏ పరీక్షల తరువాత స్వీకరించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దత్తాంశం, చాట్‌బాట్, ఎస్‌క్యూఎల్, సందిగ్ధత, సగటు, గోప్యత.

1. ఉపోద్ఘాతం:
డేటాబేస్‌ను మనుషుల భాషలో ప్రశ్నించాలన్న ఆలోచన కొత్తది కాదు. అపోలో యాత్రికులు తెచ్చిన చంద్రశిలల రసాయన విశ్లేషణ వివరాలను ఇంగ్లీషులో అడిగి తెలుసుకునేందుకు విలియం వుడ్స్ బృందం 1970ల తొలినాళ్లలోనే ‘లూనార్’ అనే వ్యవస్థను రూపొందించింది. అది ఆ ఒక్క విషయానికే పరిమితం. 1974లో ఐ.బి.ఎమ్. పరిశోధకులు డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ప్రతిపాదించిన భాష నేటి ఎస్‌క్యూఎల్‌కు మూలం. దాన్ని నేర్చినవారు డేటాబేస్‌ను నేరుగా ప్రశ్నించగలిగారు. తక్కినవారు వారిపై ఆధారపడ్డారు. ఈ దూరాన్ని తగ్గించడమే చాట్‌బాట్ ప్రధాన ప్రయోజనం.

2. పనితీరు:
ఛానెల్‌లో ఒకరు బాట్‌ను పేరుతో పిలిచి ప్రశ్న అడిగితే, సందేశవేదిక ఆ పాఠాన్ని బాట్ నడిచే సర్వరుకు పంపుతుంది. అక్కడి భాషా నమూనా ఆ ప్రశ్నను పట్టికల పేర్లు, నిలువు వరుసల వివరాలతో కలిపి పరిశీలించి ఎస్‌క్యూఎల్ ఆదేశంగా మారుస్తుంది. డేటాబేస్ ఇచ్చిన ఫలితం వాక్యంగానో, పట్టికగానో, రేఖాచిత్రంగానో ఛానెల్‌కు చేరుతుంది. ఈ ఏర్పాటులో లెక్క చేసేది డేటాబేస్; ఏ లెక్క చేయాలో నిర్ణయించేది భాషా నమూనా. ఈ నిర్ణయమే జాగ్రత్తగా పరిశీలించవలసిన దశ.

3. ప్రశ్నలోని సందిగ్ధత:
ఒక వస్త్రవ్యాపార సంస్థలో “నిరుడు విజయవాడలో అమ్మకాలు ఎంత?” అని అడిగారనుకుందాం. నిరుడు అంటే జనవరితో మొదలయ్యే సంవత్సరమా, ఏప్రిల్ 1తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరమా? తిరిగి వచ్చిన సరుకును తీసివేయాలా? జి.ఎస్.టి.ని కలపాలా? అలాగే ‘మొన్న’ అన్న మాట నిన్నటికి ముందు రోజునూ, ఇటీవలి కాలాన్నీ కూడా సూచిస్తుంది. అనుభవమున్న విశ్లేషకుడు “ఏ రోజు?” అని తిరిగి అడుగుతాడు. బాట్ మాత్రం ఏదో ఒక అర్థాన్ని ఎంచుకొని తడబాటు లేకుండా సంఖ్యను చెప్పేయవచ్చు. కనుక ఇటువంటి పదాల నిర్వచనాలను సంస్థ ముందే రాసి బాట్‌కు అందించాలి. ప్రతి సమాధానంతోపాటు తాను తీసుకున్న తేదీలను, షరతులను, ఎస్‌క్యూఎల్ ఆదేశాన్ని చూపేలా దాన్ని అమర్చాలి.

4. సగటుల సగటు:
ఆదేశం ఆటంకం లేకుండా నడిచినంత మాత్రాన ఫలితం సరైనదని చెప్పలేం. ఒక దుకాణంలో 10 బిల్లులు, వాటి సగటు 1,000 రూపాయలు. మరొక దుకాణంలో 90 బిల్లులు, వాటి సగటు 200 రూపాయలు అనుకుందాం. ఈ రెండు సగటుల సగటు 600. కాని మొత్తం 28,000 రూపాయలను 100 బిల్లులతో భాగిస్తే వచ్చే అసలు సగటు 280 మాత్రమే. 600ను నమ్మి ఖరీదైన సరుకు తెప్పించిన వ్యాపారి నష్టపోతాడు. ఛానెల్‌లో పదిమంది చూసిన సంఖ్య త్వరగా ప్రమాణంగా స్థిరపడుతుంది. అయితే లెక్క తీరు కూడా కనిపిస్తే, ఆ పదిమందిలో ఒకరు దోషాన్ని పట్టుకునే అవకాశం ఉంటుంది.

5. గోప్యత:
అడిగినవారికి ఒక వివరాన్ని చూసే హక్కు ఉన్నా, ఛానెల్‌లోని తక్కినవారికి ఉండకపోవచ్చు. బాట్‌కు అన్ని పట్టికలనూ తెరిచే ఒకే ఖాతా ఇస్తే, జీతాల వివరాలు చూడకూడనివారు కూడా దాని ద్వారా చూడగలుగుతారు. బహిరంగ ఛానెల్‌లోని పాత సమాధానాలు తరువాత చేరినవారికీ కనిపిస్తాయి. అందువల్ల బాట్‌కు చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, అడిగినవారి హక్కుల పరిధిలోనే ఫలితాలను తీయించాలి. భారతదేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వ్యక్తిగత దత్తాంశాన్ని కాపాడే బాధ్యతను దాన్ని వినియోగించే సంస్థపై ఉంచింది.

6. ముగింపు:
చాట్‌బాట్ ప్రశ్నకూ సమాధానానికీ మధ్య కాలాన్ని తగ్గిస్తుంది; నిర్ణయ బాధ్యతను తగ్గించదు. నిర్వచనం, లెక్క తీరు, చూసే హక్కు అనే మూడింటినీ సరిచూసిన తరువాతే దాని సంఖ్యను ఆధారంగా స్వీకరించడం సముచితం.