దిబ్బ ఎరువు – మందు ఆవిరి

యాగంటిలో కాకులు కానరాకుండుటకు అగస్త్య మహాముని శాపమే కారణమని స్థలపురాణము. కాకిని శాపము ఆపినది గాని, గాలిని ఆపునది లేదు. బనగానపల్లె, నంద్యాల ప్రాంతముల నల్లరేగడి చేలలో ప్రత్తికి, మిరపకు, పప్పుశనగకు చల్లిన మందు గట్టు దాటి ఊరిలోనికి వచ్చును. కలుపు తీయు స్త్రీలు, పొలమునకు ఆనుకొనిన ఇండ్లలోని పసిబిడ్డలు దానిని పీల్చవలసి వచ్చుచున్నది.

చల్లునపుడు సన్నని తుంపరలు గాలికి కొట్టుకొనిపోవుట అందరును ఎరిగినదే. కంటికి కానరానిది మరొకటి కలదు. నేలపై పడిన మందులో కొంత, కొన్ని దినముల వరకు ఆవిరియై లేచుచుండును. అన్ని మందులును ఇట్లు లేవవు. పప్పుశనగ విత్తిన వెంటనే చల్లు పెండిమిథాలిన్ వంటివి లేచును. ఎండిన మట్టి మందును గట్టిగా పట్టుకొనును. తడి తగిలినచో నీరు ఆ చోటును ఆక్రమించి మందును వదలించును. చిన్న జల్లు పడగానే పాత మందు వాసన మరల తగులుట ఇందువలననే.

మాగిన దిబ్బ ఎరువులోని సేంద్రియ పదార్థము మందును తనకు అంటించుకొనును. అందు పెరుగు సూక్ష్మజీవులు దానిని క్రమముగా విరుచును. అమెరికాలోని కాలిఫోర్నియాలో నులిపురుగులను చంపుటకు మట్టిలోనికి ఎక్కించు విషవాయువులపై ప్రయోగములు జరిగినవి. పైమట్టిలో కంపోస్టు కలిపినచో బయటకు లేచు వాయువు తగ్గినట్లు వానిలో తేలినది. మన మందులు వేరైనను, మట్టి చేయు పని అదియే.

భూసార పరీక్షలో సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తక్కువ ఉన్న నేలను పేదనేలగా ఎంచుదురు. అట్టి నేలలో ఎకరమునకు 4, 5 టన్నుల మాగిన ఎరువు వెదజల్లి పైమట్టిలో కలియదున్నవలెను. పచ్చిపేడ వేసినచో చెదలు చేరును. నీటి వసతి కలవారు జీలుగను గాని జనుమును గాని పూతదశలో దున్నవచ్చును. పశువులు తగ్గిన ఇండ్లవారు ఇంత ఎరువు ఎచ్చటిదని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ప్రత్తికట్టెను తగులబెట్టి మరియొక పొగను లేపుటకంటె, ముక్కలు చేసి పేడనీటితో గుంటలో మాగవేయుట ఒక దారి.

ఎరువు వేసిన నేలలో కలుపుమందు పట్టు కొంత సడలవచ్చును. అందులకై మోతాదు పెంచినచో చేసిన మేలు పోవును. అంతరకృషి చేసికొనుట మంచిది. గాలికి కొట్టుకొనిపోవు తుంపరలను మాత్రము ఎరువు ఆపలేదు. గాలి వీచునపుడు చల్లకుండుట, చల్లు పర్యాయములనే తగ్గించుట అందుకు ఉపాయము. 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయములో ఘనజీవామృతము, వేపకషాయము ఇందుకే ఉపయోగపడుచున్నవి. 1906లో వెలసిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమున సలహా పొందవచ్చును. మట్టి నమూనాను ఎరువు వేయుటకు పూర్వమే తీయవలెను.