ప్రబ కొలత, గవ్వల లెక్క

శివరాత్రి దగ్గరపడుతుంటే నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లలో కోటప్పకొండ తిరనాళ్లకు ప్రబలనే ఎత్తైన కట్టడాలు లేస్తాయి. వాటిలో 80, 90 అడుగులవీ ఉంటాయి. మాదే పెద్దదంటే మాదే పెద్దదని ఊరికీ ఊరికీ వాదన మామూలే. ఆ వాదన తేల్చడానికి పదో తరగతి లెక్కల పుస్తకం, ఒక టేపు చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ గణితం వచ్చింది. అందులో 8, 9 అధ్యాయాలు త్రికోణమితి, 14వది సంభావ్యత. సూత్రాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా లెక్క చదివి బొమ్మ గీయమంటే తడబడేది ఇక్కడే.

కోణం కొలిచే క్లినోమీటర్‌ను తరగతిలోనే చేసుకోవచ్చు. కోణమానిని తిన్నటి అంచుకు కూల్‌డ్రింక్ స్ట్రా అంటించి, మధ్య బిందువు నుంచి దారంతో చిన్న రాయి వేలాడదీయాలి. స్ట్రాలోంచి ప్రబ కొసను చూసినప్పుడు దారం 55 దగ్గర ఆగితే, 90లోంచి తీసేయగా ఊర్ధ్వకోణం 35 డిగ్రీలు. సూర్యుడి వైపు మాత్రం స్ట్రా ఎత్తకూడదు.

ప్రబకు 30 మీటర్ల దూరంలో నిలబడితే కోణం 35 డిగ్రీలు వచ్చిందనుకుందాం. టాన్ 35 విలువ దాదాపు 0.7. ముప్ఫైతో గుణిస్తే 21 మీటర్లు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చూసే కన్ను నేల మీద ఉండదు కదా! కంటి ఎత్తు 1.4 మీటర్లు కలిపితే 22.4, అంటే సుమారు 73 అడుగులు. పట్టికలు లేకపోతే కోణం 45 అయ్యేదాకా ప్రబ వైపు నడిస్తే సరి. అప్పుడు దూరానికి కంటి ఎత్తు కలిపితే అదే ప్రబ ఎత్తు.

తిరనాళ్ల రద్దీలో ఈ పని కుదరదు. ఊళ్లో ప్రబ కట్టి నిలబెట్టినప్పుడే వెళ్లాలి. కట్టినవాళ్లకు అసలు ఎత్తు తెలుసు కాబట్టి జవాబు సరిచూసుకోవడానికీ వీలుంటుంది. కోణం చదవడంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఎత్తు 80 సెంటీమీటర్ల మేర మారిపోతుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగిన పిల్లవాడికి పాఠం వచ్చినట్టే.

ఇక సంభావ్యతకు గవ్వలతో ఆడే అష్టాచెమ్మా ఉంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక్కో గవ్వకు రెండు వైపులూ సమానావకాశమైతే మొత్తం పర్యవసానాలు 16. చెమ్మాకు 16లో ఒక వంతు, రెండు గవ్వలే వెల్లకిలా పడటానికి 16లో ఆరు వంతులు.

కానీ గవ్వ నాణెం కాదు. వీపు ఉబ్బెత్తు, కడుపు చదును. అందుకే ముందు ఒకే గవ్వను 100 సార్లు వేయించాలి. వెల్లకిలా 40 సార్లే పడితే చెమ్మా అవకాశం 6.25 శాతం నుంచి సుమారు 2.6 శాతానికి పడిపోతుంది. పుస్తకంలోని సైద్ధాంతిక సంభావ్యతకూ ప్రయోగంలో వచ్చినదానికీ ఉన్న తేడా పిల్లల చేతుల్లోనే బయటపడుతుంది. మాచర్ల, గురజాల వైపు రైతుల పిల్లలకు మిరప గింజలూ పనికొస్తాయి. జట్టుకు 20 చొప్పున తడిగుడ్డలో మూటగట్టి, మొలిచినవి లెక్కపెడితే జట్టుకో శాతం వస్తుంది. అన్నీ కలిపిన శాతాన్ని విత్తన ప్యాకెట్ మీద అచ్చైన మొలక శాతంతో పోల్చవచ్చు.

మరి మార్కులు? నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలు టీచర్లకు అలవాటైనవే. ప్రాజెక్టుకు 10 మార్కులైతే బొమ్మకు 2, కొలతకు 2, గణనకు 2 ఇచ్చి, తేడాను వివరించినందుకు 4 ఇవ్వవచ్చు. జట్టులో ఒకరు చేసి మిగతావారు ఎక్కించుకున్నారేమో లఘు పరీక్షలో తేలిపోతుంది. ప్రశ్న ఇలా ఉండవచ్చు: ఒకే ప్రబను 30 మీటర్ల దూరం నుంచే కొలిచి, రమ 22.4 మీటర్లంది, బాజీ 21 మీటర్లన్నాడు. ఇద్దరికీ కోణం 35 డిగ్రీలే వచ్చింది. బాజీ ఏం మరిచిపోయాడు?