చేతిపనుల ద్వారా ప్రపంచ భూగోళ బోధన

ఖండములు, సముద్రములు, రాజధానులు మున్నగు పేర్లను వల్లెవేయించుటయే భూగోళ బోధనమను భావము మన పాఠశాలలలో ఇంకను పూర్తిగా తొలగలేదు. పరీక్ష ముగిసినంతనే ఆ పేర్లు మరపునకు వచ్చుట సహజము. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల బాలబాలికలకు చేతులతో చేయుటయందును, కొలుచుటయందును, పోల్చుటయందును ఆసక్తి మెండు. ఆ ఆసక్తిని ఆధారముగా గొని చేయింపదగిన మూడు పనులను ఇచ్చట వివరింతును.

మొదటిది గోళ నిర్మాణము. సుమారు 25 సెంటీమీటర్ల వ్యాసము గల రబ్బరు బంతిపై పాత వార్తాపత్రికల ముక్కలను పొరలుగా అంటింపవలెను. మొదటి పొరకు నీరును, తక్కినవానికి గంజియు వాడినచో కాగితము బంతికి పట్టుకొనదు. బాగుగా ఆరిన పిదప నడుమ కోసి, బంతిని తీసి, రెండు సగములను మరల అతుకవలెను. ఆ అతుకే భూమధ్యరేఖ. దానిని బట్టి 15 డిగ్రీల కొక గీత గీచి, అట్లాసులోని గళ్లను చూచి ఖండములను దింపవచ్చును. భూమి సగటు వ్యాసము 12,742 కిలోమీటర్లు గనుక ఈ గోళముపై ఒక సెంటీమీటరు సుమారు 510 కిలోమీటర్లకు సమానము. హిమాలయములకై మట్టిముద్ద పెట్టబోవు బాలునిచేత ముందుగా లెక్క వేయింపవలెను. 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరము ఈ గోళముపై మిల్లీమీటరులో అయిదవ వంతైనను ఉండదు!

1569లో మెర్కేటరు నావికుల కొరకు రచించిన పద్ధతి ననుసరించిన పటములలో గ్రీన్‌లాండు ఇంచుమించు ఆఫ్రికా యంత కనిపించును. గోళముపైని గ్రీన్‌లాండును పలుచని కాగితముపై దింపి, కత్తిరించి, ఆఫ్రికాపై పరచి చూచినచో ఆఫ్రికా దాదాపు పదునాలుగు రెట్లు పెద్దదని తేలును. గుండ్రని భూమిని చదునుగా పరచునపుడు ఏదో యొకటి చెడక తప్పదని విద్యార్థి స్వయముగా గ్రహించును.

రెండవది నీడ కొలత. పలు రాష్ట్రములలో వ్యాపించియున్న మన సంఘములే ఇందులకు చక్కని సాధనము. ముంబయి, ఒడిశాలోని బరంపురము రెండును దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశముననే కలవు. రేఖాంశములలో మాత్రము సుమారు 12 డిగ్రీల భేదము గలదు. ఆకాశము నిర్మలముగా నుండు డిసెంబరు, జనవరి నెలలలో, రెండు ఊళ్ల పిల్లలును ఒకే దినమున మీటరు కఱ్ఱను నిట్టనిలువుగా నాటి, పగలు 11 గంటలు మొదలు ఒకటిన్నర వరకు నీడ కొనను గుర్తించుచు సమయము వ్రాసికొనవలెను. అతి చిన్న నీడ పడు వేళయే ఆ యూరి నిజమైన మధ్యాహ్నము. ఫలితములను పోల్చినచో నీడల పొడవు ఇంచుమించు సమానముగా నుండును. మధ్యాహ్నములకు మాత్రము సుమారు 48 నిమిషముల తేడా వచ్చును. డిగ్రీకి నాలుగు నిమిషములు, 15 డిగ్రీలకు ఒక గంట యను సూత్రమును వారే కనుగొందురు. ముంబయిలో మధ్యాహ్నమైనపుడు న్యూయార్కులో ఏల అర్ధరాత్రి దాటియుండునో ఆ లెక్కయే తెలుపును.

మూడవది ప్రయాణ రేఖ. 1834లో మారిషస్ చెరకు తోటలకు ఒడంబడిక కూలీల రవాణా ఆరంభమైన పిదప, యానాము చేరువనున్న కోరంగి రేవునుండి తెలుగువారనేకులు ఓడలెక్కిరి. అందువలననే ఆ ద్వీపమున తెలుగువారికి కోరంగీలను పేరు కలిగెను. గోళముపై కోరంగి నుండి పోర్టు లూయీ వరకు దారము బిగించినచో నేరు దూరము దాదాపు 4,900 కిలోమీటర్లని తేలును. కాని ఆ దారము దక్షిణ భారత భూభాగముమీదుగా పోవును! ఓడ సింహళమును చుట్టిపోవలసినదే. భూమధ్యరేఖ దాటిన పిదప జూన్, జూలై నెలలు శీతకాలమగుట యేలయని పిల్లలే ప్రశ్నింతురు.

మారిషస్ పాఠశాలలలో నేటికిని తెలుగు బోధింపబడుచున్నది. ఇచ్చట మన పిల్లలు పలువురు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఆంగ్ల మాధ్యమములలో చదువుచున్నారు. అక్షాంశము, రేఖాంశము వంటి మాటలు తెలుగున వినక, మాతృభాష వంటింటి మాటలకే పరిమితమగు భయము కలదు. గోళముపై పేర్లను తెలుగు లిపిలోను, పాఠశాల భాషలోను వ్రాయించినచో ఆ కొరత కొంత తీరును. పాత కాగితము, గంజి, కఱ్ఱ, దారము తప్ప వేరు వ్యయము లేదు. ప్రతి సంఘమును ఏటికి కొన్ని సెలవుదినములు ఇందులకు కేటాయించి, పిల్లలు చేసిన గోళములను వార్షికోత్సవమున ప్రదర్శించుట యెంతయు యుక్తము.