కానుగ నుండి ఇథనాల్ దాకా: వాహనాలకు ప్రత్యామ్నాయ ఇంధనాలు

దేశ అవసరాలకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి దిగుమతి చేసుకోవలసి వస్తున్నది. ఈ భారాన్ని తగ్గించుకునే ఉద్దేశంతో జీవ ఇంధనాలు, సహజ వాయువు, విద్యుత్తు, హైడ్రోజన్‌ల వినియోగాన్ని ప్రభుత్వాలు ప్రోత్సహిస్తున్నాయి. వీటిలో దేనితోనైనా వాహనాన్ని నడపవచ్చునని సాంకేతికంగా ఏనాడో రుజువైంది. ఆ ఇంధనానికి ముడిసరుకు ఎక్కడి నుండి రావాలి, ఏ ధరకు రావాలి, దానిని ఎవరు కొంటారు అన్న ప్రశ్నలే ఇప్పటికీ పథకాల జయాపజయాలను నిర్ణయిస్తున్నాయి. ఇందుకు మన ప్రాంతపు కానుగ చెట్టే మంచి ఉదాహరణ.

కానుగ గింజల నుండి తీసిన నూనెను మిథనాల్‌తో, ఉత్ప్రేరకం సమక్షంలో చర్య జరిపిస్తే బయోడీజిల్, గ్లిసరిన్ వేరుపడతాయి. మిగిలిన పిండి పొలానికి ఎరువు. పశువులు ఈ చెట్టు జోలికి అంతగా పోవు. బీడు భూముల్లో, గట్ల మీద పెరుగుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గ్రామంలో గోండు మహిళల స్వయం సహాయక సంఘం గింజలు సేకరించి నూనె తీసే పనిని చేపట్టింది. డీజిల్‌కు బదులు ఈ నూనె వాడటం వల్ల 10 సంవత్సరాలలో తగ్గగల 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే అయినా, అడవి గింజకు అంతర్జాతీయ విలువ కట్టిన సందర్భంగా అది దేశం దృష్టిని ఆకర్షించింది.

అదే సంవత్సరం ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ దేశంలో 1 కోటి హెక్టార్లకు పైగా భూమిలో జట్రోఫా పెంచవచ్చునని సూచించింది. అయితే 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొనుగోలు విధానంలో చమురు సంస్థలు లీటరు బయోడీజిల్‌కు నిర్ణయించిన ధర 25 రూపాయలు. ఉత్పత్తి వ్యయం అంతకు మించి ఉండటంతో అమ్మేవారు ముందుకు రాలేదు. వర్షాధార బీడు భూముల్లో జట్రోఫా దిగుబడి అంచనాలను అందుకోలేదు. కానుగ కాపుకు వచ్చే సరికి ఐదారేళ్లు పడుతుంది. అంతకాలం చిన్న రైతుకు ఆదాయం చూపే ఏర్పాటు పథకంలో లేదు. లోపం చెట్టుది కాదనే చెప్పవలసి ఉంటుంది. 2009 జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని ఆశించినా, నేటికీ డీజిల్‌లో బయోడీజిల్ వాటా 1 శాతానికి చేరలేదు.

ఇథనాల్ విషయం ఇందుకు భిన్నం. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సహా 9 రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం ప్రారంభమైంది. చాలాకాలం నత్తనడకన సాగిన ఈ కార్యక్రమం నిర్ణీత ధర, ఖాయమైన కొనుగోలు లభించిన తరువాత వేగం పుంజుకుని 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరుకుంది. వినియోగదారులు తరచూ ప్రస్తావించే మైలేజీ తగ్గుదల అపోహ కాదు. లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. 20 శాతం మిశ్రమానికి అనుగుణంగా రూపొందించని కార్లలో 6 నుండి 7 శాతం వరకు తగ్గుదల ఉండవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికే పేర్కొన్నది.

ఇంతకంటే గట్టిగా పట్టించుకోవలసినవి నీరు, ధాన్యం. చెరకు ఆధారిత ఇథనాల్ లీటరుకు సుమారు 2,860 లీటర్ల నీరు అవసరమని అదే నివేదిక అంచనా. 2023 జూలైలో భారత ఆహార సంస్థ బియ్యం సరఫరా నిలిచిపోవడంతో డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి. కోళ్ల దాణాలో అధిక భాగం మొక్కజొన్నే కావడంతో రెండు తెలుగు రాష్ట్రాల కోళ్ల పరిశ్రమకు అది భారమైంది. ధర పెరగడం రైతుకు మాత్రం మేలే. ఒకే గింజ కోసం బంకు, కోళ్ల ఫారం పోటీపడే ఈ స్థితిని జిల్లా అధికారులు ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారాన్ని వ్యతిరేకిస్తూ గ్రామస్థులు రహదారిని దిగ్బంధించగా, పనులు నిలిపివేయవలసిందిగా అధికార యంత్రాంగం ఆదేశించింది. కానుగ గింజకు పేరు తెచ్చినదీ ఆ ఉమ్మడి జిల్లాయే.

సహజ వాయువు విషయంలో అడ్డంకి రవాణా. హైదరాబాద్‌లో తొలినాళ్లలో శామీర్‌పేట మదర్ స్టేషన్ నుండి సిలిండర్లలో నింపి లారీలపై బంకులకు చేరవేయవలసి వచ్చేది. ఆటోడ్రైవర్లు గంటల తరబడి వరుసలో వేచి ఉండేవారు. హైడ్రోజన్‌కు 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ఆమోదం పొందినా, రోడ్డు వాహనాలలో దాని వినియోగం ప్రయోగ దశను దాటలేదు.

విద్యుత్ వాహనాలు సాధారణ పౌరునికి చేరువైన మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో వీటికి రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము నుండి 2026 డిసెంబరు 31 వరకు మినహాయింపు ప్రకటించింది. దేశంలో విద్యుదుత్పత్తిలో సింహభాగం బొగ్గుదే అయినందున, ఈ వాహనాలు పొగను వీధుల నుండి తొలగిస్తాయే గాని పూర్తిగా నివారించవు. బస్సుల విషయంలో అధిక ధర సమస్యకు ఒక పరిష్కారం లభించింది: బస్సును గుత్తేదారు సంస్థ కొని నడుపుతుంది, రవాణా సంస్థ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. ఒప్పందం 10, 12 సంవత్సరాలు సాగేది కనుక బ్యాటరీ మార్పిడి వ్యయం ఎవరిది, ఒప్పందం మేరకు తిరగని కిలోమీటర్లకు బాధ్యత ఎవరిది అన్నవి టెండరు దశలోనే స్పష్టం కావాలి.